బాతులు లేచేదాకా

ఆదివారానికి హిమబిందు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయిదింటికి మధురవాడలో బయలుదేరడం, ఆరింటికి పద్మనాభం ఊరికి అవతలి చెరువు గట్టు మీద కెమెరా నిలబెట్టడం, బాతులు ఎగరగానే ఫోటో తీసుకుని తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి ఇడ్లీలు వేయడం. బాతులు ఎగరడం తప్ప మిగతావన్నీ ఆమె చేతిలో ఉన్నవే.

ఫోటో ఆ మధ్యాహ్నం పన్నెండులోగా పంపాలి. వాళ్ళ పక్షి ప్రేమికుల బృందం రుషికొండలో పెట్టబోయే ప్రదర్శనకు అదే ఆఖరి గడువు. రెండేళ్ళుగా ఆమె పంపినవన్నీ తిరిగి వస్తూనే ఉన్నాయి. ఎంపిక చేసే మధులత వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తులో ఉంటుంది. ఏ మాటన్నా నవ్వుతూనే అంటుంది. పోయినసారి లిఫ్టులో కనబడి, "కూర్చున్న బాతుదేముంది బిందూ, మార్కెట్‌కెళ్తే గంపలో కూడా కూర్చునే ఉంటాయి" అంది. లిఫ్టు దిగినప్పుడు ఆ మాట కూడా హిమబిందుతో పాటే దిగి ఇంట్లోకి వచ్చింది.

చెరువులో రెండు వందల దాకా సూదితోక బాతులున్నాయి. ఎక్కడో మంచు దేశాల నుంచి చలికాలం గడపడానికి వస్తాయవి. అంత దూరం ఎగిరి వచ్చిన అలసట వల్లనో ఏమో, ఇక్కడ మాత్రం రెక్క కదిపే ఉద్దేశం వాటికి ఉన్నట్టు లేదు.

ఎగిరే పక్షిని పట్టాలంటే కెమెరాను ముందే ఒక దూరానికి సరిచేసి ఉంచుకోవాలి. అందుకని భర్త సాయిశంకర్ గట్టు వెంట అరవై అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, పక్కనున్న కోత కోసిన మడిలో ఒక కర్ర పాతాడు. దూరానికి కనబడాలని దానికి ఎర్ర జాకెట్టు ముక్క కట్టాడు. ఏదో పేరంటంలో వచ్చిన ముక్క అది. కుట్టించుకుందామంటే చాలదు, పారేద్దామంటే మనసొప్పదు. ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చిందని హిమబిందు సంతోషించింది కూడా.

మూడు కాళ్ళ స్టాండు, అడుగులు కొలిచే మగమనిషి, ఎర్రగుడ్డ కట్టిన కర్ర. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికీ బాతులు గుర్తుకు రావు. పెద్ద రోడ్డొకటి అటుగా వస్తుందని ఆరు నెలలుగా చెప్పుకుంటున్నారు.

మడి కాశమ్మది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వచ్చినామె కర్రను చూసి, మోపు దించింది.

"ఏటమ్మా, నా మళ్ళో జెండా పాతేరు?"

"ఏం లేదమ్మా. బాతుల ఫోటో కోసం వచ్చాం. అవి లేవగానే తీసేసి వెళ్ళిపోతాం" అంది హిమబిందు.

కాశమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "అలాగే అంతారు తల్లీ. మొన్న పక్కూరొచ్చినోళ్ళు సేపలు లెక్కెట్టడానికన్నారు. సేపలు అలాగే ఉన్నాయి. కొబ్బరితోటకి అడ్డంగా గీత గీసేసి పోనారు."

హిమబిందు మళ్ళీ కెమెరాకు కన్ను ఆనించేసరికి కాశమ్మ కర్ర పీకి, అవతలున్న జగ్గారావు మడిలో పాతేసి, ఏమీ ఎరగనట్టు గడ్డిమోపు ఎత్తుకుంది. జగ్గారావు ఊరికి పెద్దమనిషి. అతను పళ్ళు తోముకుంటూ వచ్చి కర్రను చూసి, వేపపుల్ల నోట్లో ఉండగానే దాన్ని తన బావమరిది మడికి మార్చాడు. బావమరిది ఊరుకునే రకం కాదు. ఎనిమిదయ్యేసరికి ఆ జాకెట్టు ముక్క అయిదు మళ్ళు తిరిగింది. దూరం ఎందుకు కుదరడం లేదో తెలియక హిమబిందు కెమెరాను సరిచేస్తూనే ఉంది.

ఈలోగా గట్టు నిండింది. ఊరందరి కోరికా ఒక్కటే. రోడ్డు తమ పొలం పక్కనుంచి, ఎదుటివాడి పొలంలోంచి పోవాలి. ఆ ముక్క ఒక్కొక్కరు ఒక్కో రకంగా విన్నవించుకున్నారు. ఒకరు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు, ఒకరు టీ తెచ్చారు, ఇంకొకరు కొబ్బరిబొండాలు కొట్టించారు. హిమబిందు ఒక్కటీ ముట్టకుండా, తాము ఏ ఆఫీసు వాళ్ళమూ కాదని ప్రతివాళ్ళకూ విడివిడిగా చెప్పింది. ఇంత ఖచ్చితంగా ఏమీ తీసుకోని మనిషి పెద్ద ఆఫీసరే అయి ఉంటుందని వాళ్ళు తేల్చుకున్నారు.

సాయిశంకర్‌కు మాత్రం ఇదంతా బాగానే ఉంది. రెండో బొండాం తాగుతుంటే జగ్గారావు అతని ఉద్యోగం గురించి అడిగాడు. రుషికొండలో ఒక కంపెనీలో కంప్యూటర్ మీద మ్యాపులు తయారుచేస్తానని అతను ఉన్నమాటే చెప్పాడు. మరుక్షణం మూడో బొండాం వచ్చింది.

"మీరింక నోరు విప్పకండి" అంది హిమబిందు.

"నేను అబద్ధం చెప్పలేదు బిందూ."

"అదే చేటు తెచ్చింది."

మేడమ్ గారు కొలుస్తున్నారు, ఎవరూ చప్పుడు చేయకూడదని జగ్గారావు అందరినీ కసిరాడు. నలభై మంది గట్టు మీద గొంతుక్కూర్చుని ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దానికి మెలకువగా ఉన్న నాలుగు బాతులు కూడా ముక్కులు రెక్కల్లో దూర్చి నిద్రపోయాయి.

పదిన్నరకు హిమబిందు కెమెరా వదిలి లేచింది. అందరూ ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడితే బాతులు లేస్తాయని, అవి లేచిన మరు నిమిషం తాము వెళ్ళిపోతామని చేతులు జోడించి చెప్పింది.

"అదే కదా మేడమ్ గారూ మా బాధ" అన్నాడు జగ్గారావు నిదానంగా. "అయి లేత్తే మీరెల్లిపోతారు. గీత ఎటు పోతాదో తేల్సకుండా మిమ్మల్ని ఎలాగ పంపించెత్తాం?"

అంతటితో ఆగక, బాతుల మీద రాయి వేసినవాడి కాళ్ళు విరగ్గొడతానని ఊరికి హెచ్చరిక చేశాడు. హిమబిందు గడియారం చూసుకుంది. లిఫ్టులో మధులత నవ్వు ఎలా ఉండబోతుందో ఆమెకు స్పష్టంగా కనబడింది.

పదకొండు దాటాక అవతలి గట్టు మీద ఒక మోటారు సైకిలు ఆగింది. ఒక కుర్రాడు దిగి, మూడు కాళ్ళ స్టాండు విప్పి, దాని మీద పసుపుపచ్చని పెట్టెలాంటి మిషను బిగించాడు. పేరు నాగవంశీ. ఉద్యోగం నిజంగానే రోడ్డు సర్వే. జగ్గారావు పదిమందిని వెంటేసుకుని చుట్టూ తిరిగి అక్కడికి చేరాడు.

"ఏటి బాబూ, ఏ పని మీదొచ్చినావు?"

క్రితం వారం పక్క ఊళ్ళో నాగవంశీ నిజమే చెప్పాడు. ఆ ఊరివాళ్ళు బండి తాళాలు లాక్కుని సాయంత్రానికి గాని తిరిగి ఇవ్వలేదు. అతను జనాన్ని చూశాడు, నీళ్ళ వైపు చూశాడు.

"బాతుల ఫోటోలకండి."

జగ్గారావు వెంటనే నమ్మాడు. మేడమ్ గారి దానికి బారెడు గొట్టం ఉంది, కొలిచే మిషనంటే అలా ఉండాలి. ఈ చిన్న పెట్టె ఫోటోలకు తప్ప దేనికి పనికొస్తుంది? ఎంతసేపు పడుతుందని మాత్రం అడిగాడు. బాతులు లేస్తే అయిదు నిమిషాల్లో పోతానన్నాడు నాగవంశీ.

జగ్గారావు కాశమ్మను పక్కకు పిలిచాడు. "ఆఫీసరుతో మాటాడుకునే టయంలో పరాయోడు మద్దిలో ఎందుకే? మేడమ్ గారెల్లిపోకుండా కారు కాడ ఇద్దర్ని ఉంచి, బాతుల్ని లేపీసి ఆణ్ని బేగి పంపించియ్."

ఆ తర్వాత జరిగినదానికి ఊళ్ళో ఎవరూ వెనుకాడలేదు. కిరోసిన్ డబ్బాలు, కంచాలు, దీపావళికి మిగిలిన సీమటపాకాయలు, అన్నీ అవతలి గట్టుకు చేరాయి. మొదటి మోతకే చెరువు నీళ్ళు ఉలిక్కిపడ్డట్టయింది. రెండు వందల బాతులు ఒక్కసారిగా, మెడలు చాచి, కాళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా లేచాయి. హిమబిందుకు జాకెట్టు ముక్కతో గాని, అడుగుల లెక్కతో గాని పని పడలేదు. మోకాలు గట్టుకు ఆనించి, ఊపిరి ఆపి, గుంపు వెంట కెమెరాను తిప్పుతూ మీట వదలకుండా నొక్కింది.

ఊరివాళ్ళు తిరిగి వచ్చేసరికి ఆమె కెమెరా వెనుక అద్దంలో బొమ్మను వాళ్ళ ముందు పెట్టింది. గట్టు మీద మనుషులు, పైన బాతులు, ఆపైన ఆకాశం. ఎవరి మడీ ఇందులో పడలేదు, చూసుకోమంది. కాశమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తన మడి నిజంగానే లేదు. జగ్గారావుదీ లేదు. అందరి మొహాలూ విప్పారాయి. కారు వెనక సీటులో ఒక అరటిగెల ఎవరు పెట్టారో చివరిదాకా తెలియలేదు.

తారురోడ్డు ఎక్కుతుండగా నాగవంశీ బండి కారు పక్కకు వచ్చింది.

"మీ పేరు చెప్పుకుని బతికిపోయాను మేడమ్" అన్నాడు. "మూడుసార్లు పొలిమేర దాకా వచ్చి వెనక్కి పోయాను. ఇవాళ ఊరంతా పైకి చూస్తుంటే నా పాయింట్లన్నీ తీసేసుకున్నాను."

గీత ఎటు పోతుందని హిమబిందు అడిగింది. అది ఆఫీసు విషయమని అతను వినయంగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె వెనక సీటులోని అరటిగెల వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత ఫోన్ తీసి, పన్నెండుకు ఎనిమిది నిమిషాలుండగా ఫోటో పంపింది.

ప్రదర్శనలో ఆ ఫోటోను గుమ్మానికి ఎదురుగా పెట్టారు. మధులత దాని ముందు చాలాసేపు నిలబడింది. రెక్కల విరుపు చూసింది, వెలుతురు చూసింది, వంక పెట్టడానికి ఏమీ దొరక్క ఫోటో అడుగు భాగానికి దిగింది.

"ఇంత అందం తల మీద నుంచి పోతుంటే, ఈ ఒక్క కుర్రాడు పెట్టెలోకి వంగి నేలకేసి చూస్తున్నాడేమిటి బిందూ?"

"అతనికి పక్షులంటే పెద్దగా ఇష్టం లేదు" అంది హిమబిందు.