డ్యూయల్ కోర్ బోర్మా

శ్రావణమాసపు ముసురు పట్టిన ఆ ఉదయం, ఊళ్లో అందరూ పంతులని పిలిచే ఫణిశంకర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని ఢిల్లీరావు కూతురి పెళ్లి వీడియో మిక్సింగును కంప్యూటర్‌కి అప్పజెప్పి, కాశీబుగ్గ వెళ్లి ఖాళీ సీడీలు కొనుక్కురావడం. మధ్యాహ్నానికి సినిమా తయారవుతుంది, సాయంత్రం రిసెప్షన్‌లో పెద్ద తెర మీద వేస్తారు. అది సమయానికి అందితే ఢిల్లీరావు చుట్టాల పెళ్లిళ్లన్నీ ఫణిశంకర్‌వే. ఆలస్యమైతే క్యాసెట్లు టెక్కలిలో మురళీమోహన్ స్టూడియోకి పోతాయని ఢిల్లీరావు ముందే చెప్పేశాడు.

ఆలస్యం కాదన్న ధీమా కొత్త ప్రాసెసరుది. 2006లో పలాసలో డ్యూయల్ కోర్ అనే జంట ప్రాసెసరు ఉన్న మొదటి స్టూడియో తన ఇంటి ముందుగదేనని ఫణిశంకర్ నమ్మకం. విశాఖపట్నంలో షాపువాడు రెండు రకాలు చూపించాడు. ఒకటి చవక, చల్లగా ఉంటుంది, పని నిదానం. రెండోది ధర రెండింతలు, పని మెరుపు, వేడికి మాత్రం కుంపటే. ధర, వేడి, పనితనం నెలరోజులు తూకం వేశాడు. భార్య చంద్రిక చల్లటిదే తెమ్మని పోరింది. ఆయన ఆవిడ బంగారు గాజులమ్మి రెండోది తెచ్చాడు. బంగారం పెట్టి కుంపటి కొన్న మగాణ్ణి ఎక్కడా చూడలేదని ఆవిడ అప్పట్నుంచీ అంటూనే ఉంది.

"కంప్యూటర్ పెట్టెని ముట్టుకోకు. వెనకనుంచి వేడి బయటికి పోతుండాలి, అంతే," అని చంద్రికకి చెప్పి ఆయన బండెక్కాడు.

కాసేపటికి పక్కింటి అప్పలమ్మ వచ్చింది. ఆమె ఢిల్లీరావు ఫ్యాక్టరీ పప్పు ఇంటికి తెచ్చుకుని పొట్టు ఒలుస్తుంది. ముందుగా బోర్మాలో, అంటే ఫ్యాక్టరీలో ఉండే వేడిగాలి గదిలో ఆరబెడితే గానీ ఆ పొట్టు ఊడదు. యజమాని ఇంట పెళ్లని బోర్మా మూసేశారు. ముసురుకి పప్పు మెత్తబడి, గోరు పెడితే బద్దలైపోతోంది. ఆ గోడు చెప్పుకుంటున్న అప్పలమ్మ కాళ్లకి పెట్టె వెనకనుంచి వెచ్చటి గాలి తగిలింది.

"ఏటమ్మా ఇది? ఇంత వేడి ఊరికే పారబోత్తన్నారా?"

చంద్రిక మనసులో ఉన్నదీ అదే. గాజులకి ఈ మాత్రం ప్రయోజనమైనా దక్కనీ అనుకుంది. పెట్టె వెనక స్టూలు వేసి పప్పు పళ్లెం పెట్టారు. మొగుడి మాట ప్రకారం పెట్టెని ముట్టుకోలేదు. చూస్తుండగానే వేలితో రాస్తే పొట్టు ఊడింది. కబురు గోడ దాటి, ఇంకా పళ్లేలు వచ్చాయి. ఒకటి పెట్టె నెత్తికెక్కింది. వేడి వృథా కాకుండా అప్పలమ్మ అన్నిటి మీదా కలిపి బొంత కప్పింది. పెట్టె కొంతసేపు ఓర్చుకుని, ఆరిపోయింది.

బండి చప్పుడు వినగానే పళ్లేలు వంటింట్లోకి, బొంత మంచం మీదికి చేరాయి. నల్లటి తెర చూసి ఫణిశంకర్ కరెంటోళ్లని తిట్టాడు. సగంలో ఆగిన మిక్సింగు మళ్లీ మొదటినుంచే చెయ్యాలి. మొదలుపెట్టి, స్టెబిలైజరు అడిగి తేవడానికి బజారుకెళ్లాడు. ఆయన మలుపు తిరగ్గానే పళ్లేలు తిరిగొచ్చాయి. ఆయన వచ్చేసరికి పెట్టె మళ్లీ ఆరింది. విశాఖపట్నం ఫోన్ చేస్తే, ఏదైనా కాలిన వాసన వస్తోందా అని షాపువాడు అడిగాడు. ఇల్లంతా వేగిన జీడిపప్పు వాసన. పలాసలో అది వాసన కిందికి రాదు కాబట్టి, ఏ వాసనా లేదని ఫణిశంకర్ నిజాయితీగానే చెప్పాడు.

చివరికి మూత విప్పితే ఫ్యాను రెక్కల మధ్య ఇరుక్కున్న జీడిపప్పు కనిపించింది. అప్పటికి సాయంత్రమైంది. ఆయనకి ఏడుపొచ్చింది. తాను పెట్టెని ముట్టుకోనే లేదని చంద్రిక అంటుండగా, పట్టుపంచెతో ఢిల్లీరావు గుమ్మంలో నిలబడ్డాడు.

"క్యాసెట్లు ఇచ్చీ పంతులూ. టెక్కలోడికి ఇచ్చుకుంతాను."

అంటూనే ముక్కు ఎగబీల్చాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి ఒక జీడిపప్పు తీసి వెలుతురులో తిప్పి చూశాడు. పొట్టు లేదు, విరుగు లేదు, తెల్లగా ఉంది. ఆ బోర్మా ఎవరిదని అడిగాడు. అక్కడే ఉన్న అప్పలమ్మ పెట్టెని చూపించింది. దాని ధరెంత, వేడెంత, పూటకి ఎంత పప్పు ఆరుతుందని ఢిల్లీరావు ఆరా తీశాడు. ఫణిశంకర్ నెలరోజులు వేసిన తూకం ఈయన నిలబడి వేసేశాడు. లోపల సినిమా నడుస్తుంటేనే వేడి పుడుతుందని మాత్రం ఫణిశంకర్ హెచ్చరించాడు.

"అయితే మా పాప పెళ్లే నడిపీ. రేపు లారీకి సరుకెక్కాల, మా బోర్మా మళ్లీ వేడెక్కాలంటే రెండ్రోజులు. సినిమాదేటుంది, పెళ్లయిపోనాది గదా."

పెట్టె ఆ రాత్రే ఫ్యాక్టరీకి చేరింది. అక్కడివాళ్లకి గాలి ఆడకపోతే పప్పు మాడుతుందని తెలుసు గనక బొంతలు కప్పలేదు. తెల్లారేసరికి పప్పు ఆరింది, పనిలోపనిగా పెళ్లి సినిమా కూడా పూర్తయింది. ఢిల్లీరావు పెట్టె తానే ఉంచుకుని, దాని ధర మొత్తం ఫణిశంకర్ చేతిలో పెట్టి, చుట్టాల పెళ్లిళ్లు కూడా చూసుకోమన్నాడు. ఆ డబ్బుతో ఫణిశంకర్ ఈసారి బుద్ధిగా చల్లటి ప్రాసెసరున్న పెట్టె కొన్నాడు. మిగిలినదానితో చంద్రికకి ఒక గాజు తిరిగొచ్చింది.

అది ఇంటికొచ్చిన మర్నాడు అప్పలమ్మ పళ్లెంతో వచ్చి, కొత్త పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసింది.

"ఇది సల్లగుందమ్మా. పంతుల్ని మోసం సేసీసినారు."

చల్లటిదే తెమ్మని నెలరోజులు పోరిన చంద్రిక, బేరం తెలియని మొగుణ్ణి జాలిగా చూసింది.