గుండెకు రబ్బరుబ్యాండు

తూనికలు కొలతల కార్యాలయంలో ముఖ్య పరీక్షకుడి గుండె, పైఅధికారుల అనుమతి లేకుండా, రోజుకు నాలుగువేల సార్లు లయ తప్పుతోందని వెల్లడైన కారణంగా అత్యవసర సమావేశం జరిగింది.

నిజానికి డాక్టరు ఒక రోజంతా ఆయన ఛాతీకి యంత్రం తగిలించి, ఆ లెక్క తేల్చి, నవ్వేశాడు. “గుండె నిక్షేపంగా ఉందండీ. ఒక్కోసారి తొందరపడి ముందే కొట్టుకుంటుంది, ఆ తర్వాత కాస్త ఆగుతుంది. ఏ ప్రమాదమూ లేదు. వెళ్లి పని చేసుకోండి.”

ముప్ఫై ఏళ్లుగా తూకపు రాళ్లను సరిచూసి ముద్ర వేస్తున్న పరీక్షకుడు అంకెలను నమ్మే మనిషి. నిశ్చింతగా ఆ నివేదికను సెలవుచీటీకి జతపరిచాడు. కొంప ముంచింది ఆ నిశ్చింతే.

“వారంటే మాకెంతో గౌరవం,” అని అధికారి గద్గద స్వరంతో ప్రసంగించాడు. “కానీ సొంత గుండెనే అదుపులో పెట్టుకోలేనివారు ముద్ర వేస్తే, కిలో కిలోగానే ఉంటుందని ప్రజలకు ఏ మొహంతో చెప్పగలం?”

చప్పట్ల మధ్య ముద్ర బీరువాలోకి వెళ్లింది. ఆ క్షణాన పరీక్షకుడి గుండె కలుక్కుమంది. దాన్ని మాత్రం ఏ యంత్రమూ లెక్కించలేదు.

సహోద్యోగుల ఆదరణకు కొదవ లేదు. ఆయన మెట్లెక్కకూడదని నలుగురు కుర్చీతో సహా మోశారు. అందులో ముగ్గురు నడుము పట్టేసి సెలవు పెట్టారు. “గట్టిగా తుమ్మకండి బాబాయిగారూ, మాకు దడ,” అని టైపిస్టు వేడుకుంది. ప్రమాదం లేదని డాక్టరు మరో పత్రం రాసిస్తే, అధికారి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. “లేదని ఇంత గట్టిగా రాశారంటేనే ఏదో ఉందన్నమాట!”

ఒక రోజు, పని లేక ఫైళ్లు సర్దుతుంటే, రబ్బరుబ్యాండొకటి ఆయన మణికట్టుకు ఉండిపోయింది. అదేమిటని టైపిస్టు అడిగింది.

“గుండె తప్పిపోకుండా పట్టి ఉంచుతుందమ్మా,” అన్నాడు ఒళ్లు మండి.

మధ్యాహ్నానికి అధికారి స్వయంగా విచ్చేశాడు. రుజువు అడగలేదు. “ఎరుపా, పసుపా?” అని మాత్రం అడిగాడు.

“ఎరుపే. పసుపుది ఉత్త రబ్బరు.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దుటండీ!”

‘తగు రక్షణ చర్యలు తీసుకున్నందున’ సాయంత్రానికల్లా ముద్ర తిరిగి వచ్చింది. గ్రాము రాయినైనా మూడుసార్లు తూచనిదే నమ్మని కార్యాలయమంతా ఎర్ర బ్యాండ్లు ధరించింది. కట్టు లేని ఫైళ్లు ఫ్యాను గాలికి స్వేచ్ఛగా విహరించాయి.

ఈ వైనం చెప్పి పరీక్షకుడు ఇంట్లో పడీపడీ నవ్వాడు. “మీ గుండెకి ముప్ఫై ఏళ్లుగా నేనంటే దడేగా, అప్పుడు ఏ బ్యాండు కట్టారు?” అని భార్య కూడా నవ్వింది.

మరుసటి వారం ఆఫీసుకు బయల్దేరి సగం దూరం వెళ్లాక, ఆయనకు తన మణికట్టు బోసిగా కనిపించింది. గుండె ఒకసారి లయ తప్పింది. ఆనాటి నాలుగువేలల్లో అదొకటి. తాను అంకెలను నమ్మే మనిషినని గుర్తుచేసుకుని పరీక్షకుడు నాలుగడుగులు ముందుకు వేశాడు. ఆపైన వెనుదిరిగాడు.

“మళ్లీ ముద్ర లాక్కుంటారు, అందుకని,” అన్నాడు ఇంటి గుమ్మంలో, భార్య అడగకుండానే.

ఆమె చేతికందిన బ్యాండు తీసి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి చాపలేదు.

“పసుపుది కాదే,” అన్నాడు. “ఎర్రది.”