చదరంలో పట్టినంత ఊపిరి

ఎక్స్‌రే విభాగంలో బోధనను ఆధునికం చేసినట్లు ఇందుమూలంగా అందరికీ తెలియజేయడమైనది. ఇకపై జూనియర్ డాక్టర్లు చీకటిగదిలో తెర ముందు గంటలకొద్దీ కూర్చోనక్కరలేదు. విభాగం పెద్ద డాక్టరుగారు రోజుకొక ఛాతీ ఎక్స్‌రేను తన ఫోను పేజీలో పెడతారు. జూనియర్లు టీ తాగుతూ జబ్బేమిటో ఓటు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిందే జబ్బని ఎవరూ అనలేదు. కాకపోతే తక్కువ ఓట్లు వచ్చినదాన్ని పట్టుకు వేలాడే మొండిఘటం విభాగంలో మిగల్లేదు.

పేజీకి లక్షమంది అభిమానులు కూడారు. సన్మానసభలో పెద్ద డాక్టరుగారు శాలువా సర్దుకుని, "విజ్ఞానాన్ని అరచేతిలో పెట్టేశాం" అని సెలవిచ్చారు. చిన్న చిక్కొకటి ఉండేది. ఫోను చదరంలో పట్టక ప్రతి ఎక్స్‌రేకూ పైభాగం రెండువేళ్లంత తెగిపోయేది. భుజాల దగ్గర ఏముంటుందిలే అని ఆయన ఊరుకున్నారు. పాత టెక్నీషియన్ ఒక్కడే గొణిగాడు. పేజీని అనుసరించడం లేదని అతనికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

మూడేళ్లు గడిచేసరికి జూనియర్లకు కంప్యూటర్లో నిండు ఎక్స్‌రే పెట్టినా కళ్లు ఆ చదరం దాటి వెళ్లేవి కావు.

అప్పుడే డాక్టరుగారి భార్యకు దగ్గు పట్టుకుంది. ఓట్లలో ఎప్పుడూ మొదటివరసలో ఉండే శిష్యురాలు ఎక్స్‌రే చూసి, అంతా బాగుందని రాసింది. ఆయన చూడకుండానే సంతకం గీకేసి, "నీకేం లేదే, ఊరికే కంగారు పడకు" అని భార్యకు ధైర్యం చెప్పారు. మూడు నెలల్లో ఆవిడ చిక్కి సగమైంది. మళ్లీ ఎక్స్‌రే తీసిన టెక్నీషియన్ పాతదాన్ని దాని పక్కనే పెట్టి, పైమూల మీద వేలు ఆనించాడు.

"మచ్చ అప్పుడే ఉంది సార్. బఠాణీగింజంత. ఇప్పుడెంతైందో మీరే చూడండి."

ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు. శిష్యురాలిని పిలిపించారు.

"పైన చూడలేదేమమ్మా?"

ఆ పిల్ల నిజంగానే తెల్లబోయింది. "పైన కూడా చూడాలా సార్? మీరెప్పుడూ అక్కడేమీ చూపించలేదు కదా!"

ఆయనకు ఏడుపొచ్చింది. ఆ రోజే భార్యను అడిగి, రెండు ఎక్స్‌రేలనూ పేజీలో పెట్టి, "పైమూలలు చూడండి. నేను చూడలేదు. తప్పు నాదే" అని రాశారు.

ఫోను అలవాటు ప్రకారం పైమూలలు కత్తిరించింది. "ఎంత వినయం సార్!" అని వందలమంది మెచ్చుకున్నారు. మిగతావాళ్లు "నార్మల్" అని ఓటేశారు. ఆ మూలలేవీ అని అడిగినవారు ఒక్కరూ లేరు. లైకులు పన్నెండు వేలు దాటాయి. అందులో ఒకటి మీదే అయ్యుంటుంది, గుర్తు తెచ్చుకోండి.