డెబ్బై ఆరు తెలివి

ధర్మవరం భారతికి తెలివి ఎక్కువైందని ప్రభుత్వం వారు ధ్రువీకరించారు. ఇంత శుభవార్త విని తల్లి కదిరమ్మ ఏడ్చింది. కూలి మనిషి, సంతోషించే పద్ధతి తెలియదు.

భారతి లెక్కలన్నీ చేస్తుంది, కాకపోతే నిదానంగా. పరీక్షలో ఇంకో గంటిస్తే పది గట్టెక్కుతుంది. గట్టెక్కితే వీధిలోని కాన్వెంటులో ఎల్‌కేజీ టీచరు. అక్కడి పిల్లలు ఇప్పటికే ఆమె చంక దిగరు. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు ఆ గంట ఇస్తారని విని, కదిరమ్మ కూతుర్ని హిందూపురం ప్రభుత్వ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన తెలివి కొలిచాడు. డెబ్బై ఆరు! డెబ్బై లోపుంటేనే గంట. దానికి కాస్త పైనున్నవాళ్లకూ చదువు నిదానంగానే వస్తుందని డాక్టరు రాసిచ్చాడు గానీ, అలాంటివాళ్ల గురించి జీవో లేదు. జీవో లేనివాళ్లు లోకంలో లేనట్టే.

గంట అడగడానికి పోతే, పెనుకొండలో చదువుల ఆఫీసరు దయగలవాడు. "ఏమమ్మా, ఆరే కదా ఎక్కువుండేది! ఆ పొద్దు బిడ్డను కొంచెం తిక్కతిక్కగా చెప్పమనింటే పోయుండె."

"అంత తెలివుంటే ఈడికెందుకొస్తాం సార్?" అంది కదిరమ్మ.

ఆయనకు కోపమొచ్చింది. పరీక్ష పవిత్రత గురించి టీ చల్లారేదాకా చెప్పాడు.

పరీక్షనాడు కదిరమ్మ గేటు బయట నిలబడింది. హెడ్మాస్టరు అశ్వత్థనారాయణ వరండాలోంచి గర్జించాడు: "పరీక్ష అందరికీ సమానం! ఎవురికీ ఒక్క నిమిషం ఎక్కువుండదు!" తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు.

తర్వాత ఆనవాయితీ ప్రకారం స్క్వాడు జీపు వచ్చి, కాఫీ తాగి, పోయింది. లెక్కల సారు ఆఫీసు గదిలో పేపరంతా చేశాడు. జిరాక్సు కాపీలు నీళ్ల బిందెతోపాటు ప్రతి బెంచీకీ అందాయి. పక్షపాతం లేదు, భారతికీ ఒకటిచ్చారు.

"ఇది నాది కాదు సార్," అని ఆమె తిరిగిచ్చింది. సగం లెక్కలు సొంతంగా చేసేసరికి గంట కొట్టి పేపరు లాక్కున్నారు.

హాలంతా పాసు. భారతి ఒక్కతే తప్పింది.

సన్మానానికి పోతున్న హెడ్మాస్టరును కదిరమ్మ దారిలో ఆపింది. "అందరికీ అంతంత ఇస్తిరి గదా సార్. నా బిడ్డకు గంటిస్తే ఏం పోతాండె?"

"అది రూల్సుకు విరుద్ధమమ్మా," అన్నాడాయన, బాధగా.

కాన్వెంటు ఉద్యోగం అదే హాల్లో ఫస్టుక్లాసులో పాసైన పిల్లకు దక్కింది. మీ పిల్లలకు అఆలు నేర్పుతున్నది ఆమే. ఆమె తెలివెంత అని అడక్కండి. పాసైనవాళ్లది కొలిచే ఆచారం లేదు. మీదెవరైనా కొలిచారా?