హిడాల్గో వీథిలో క్రిస్పులో కెమెరా రణము

వర్షర్తు మేఘములు మనీలా మహానగరపు రేకుకప్పులపై ఉరుముల రణభేరులు మ్రోగించుచుండ, కియాపో చర్చి గంటల గంభీరనాదమును జీప్నీ బండ్ల హారన్లు అవలీలగా దిగమ్రింగుచుండ, ఆ చర్చి చెంతనే కెమెరా అంగళ్లకు ఆటపట్టయిన హిడాల్గో వీథిలోనికి, ఒకానొక శనివార పూర్వాహ్ణమున, టోండో పేట పరిణయ బాప్తిస్మ మహోత్సవ చిత్రగ్రహణ ధురంధరుడు, కారుచీకటిలో చేతిస్పర్శతోనే ఫిల్మురీలు ఎక్కింపగల కరలాఘవశాలి, క్రిస్పులో అను మహావీరుడు, మెడలో చిరకాల సహచరియైన ఫిల్ము కెమెరా ఊగుచుండ, కుడివైపున ధర్మపత్ని రోసెండాతోను, ఎడమవైపున ఆమె అక్క ఫెలిసితాస్‌తోను ప్రవేశించెను.

ఆ శాంతస్వభావుని సమరమునకు ఈడ్చిన కారణములు రెండు. అతని రీళ్లు కడిగిన పేటలోని ల్యాబు మూతపడి, ఆ స్థలమున కోడివేపుళ్ల అంగడి వెలసెను. రెండవది అంతకంటె దారుణము. గడచిన క్రిస్మసునాడు మేనల్లుని డిజిటల్ కెమెరా ఎరువు తెచ్చి, దానికి తన పాత లెన్సునే తగిలించి తీసిన కుటుంబచిత్రమున, అంచున నిలిచిన ఫెలిసితాస్ ఒక చెవిపోగుగా మాత్రమే మిగిలెను. నాటినుండి ఆ మానిని ప్రతి విందులోను అతని పళ్లెమున రొయ్యలేరివేసిన నూడుల్సే వడ్డించుచుండెను. మరునాడు ఆమె మనుమని బాప్తిస్మము. చుట్టములు అసంఖ్యాకులు, ఇల్లు అగ్గిపెట్టె.

"ఈసారి గనక నన్ను కోశావంటే, క్రిస్పులో, చెల్లెలి మొగుడివని కూడా చూడను. వేరేవాణ్ణి పిలుచుకుంటా," అనెను ఫెలిసితాస్.

"పొద్దున్నే మొదలెట్టకే అక్కా," అనెను రోసెండా.

అంగడిలో, అద్దాల అరలలో, నల్లని కవచములు తొడిగిన ఏకనేత్ర యోధులవలె కెమెరాలు బారులు తీరియుండెను. నూనె దువ్విన జుట్టుతో నిగనిగలాడు అంగడివాడు డెమెట్రియో వానిలో స్థూలకాయమగు దానినెత్తి వీరుని చేతులలో నుంచెను.

"మెగాపిక్సెళ్లు చూడండన్నయ్యా! ఫొటోని గోడంత చేసినా ముక్కులో వెంట్రుక కూడా కనిపిస్తుంది."

"మా టోండోలో ముక్కులో వెంట్రుక కనిపిస్తే డబ్బులివ్వరు బాబూ."

అట్లనెనేగాని, ఆ కెమెరా బరువు అరచేత సోకినంతనే వీరుని హృదయము మదపుటేనుగు నెక్కిన మహారాజు హృదయమువలె ఉప్పొంగెను. సంచి తెరచి, తన పాత వెడల్పు లెన్సును తీసి, దాని మూతికి ఆనించి త్రిప్పెను. టక్కున అమరెను! "ఓ ప్రాణసఖీ! కాలచక్రము రీళ్లను కబళించినను, ల్యాబులను భస్మీపటలము గావించినను, నీవును నేనును అజేయులమై నూతనయుగ ద్వారమున నిలిచితిమి!" అని మనసున సింహగర్జన చేసెను. పైకి మాత్రము "పట్టిందే!" అనెను.

వెంటనే భార్యను, వదినను, పక్కనున్న కొవ్వొత్తులమ్మే స్త్రీలను గోడపొడవున నిలిపి కెమెరా కంట చూడగా, అయ్యో, కొవ్వొత్తులున్నవి, రోసెండా యున్నది, వదిన లేదు! వెనుకకు జరిగెను. చెవిపోగు కనబడెను. ఇంకను జరిగెను. కుడికాలు గడప దాటి వీథిలోని బురదగుంటలో చీలమండదాక మునిగెను.

"ఇంకొంచెం వెనక్కన్నయ్యా," అనెను డెమెట్రియో.

"మా వదినింట్లో ఇంకొంచెం వెనక్కి జరిగితే పొయ్యిలో కూర్చుంటానయ్యా!"

"ఏంటి, మళ్ళీ తీసేశావా నన్ను?" అని కేక వినబడెను.

డెమెట్రియో తల గోకికొనెను. "దీని లోపలి కన్ను ఫిల్మ్ కన్నా చిన్నదన్నయ్యా. మీ లెన్స్ చూపించేదంతా పట్టుకోలేదు. మధ్యలోదే తీసుకుంటుంది, అంచులు పోతాయి."

ఆ మాటతో క్రిస్మసునాటినుండి గుండెలపై నిలిచిన బండ దొర్లిపోయెను. "విన్నావా వదినా? ఆ రోజు నా చెయ్యి వణకలేదు!"

"చెయ్యి వణికిందో, బుర్ర వణికిందో, ఫొటోలో మాత్రం నేను లేను."

అప్పుడు పై అరలో, ఉబ్బిన గాజుకన్నుతో దిగంతముల నొక్కచూపున మ్రింగజాలు మహావిశాల లెన్సొకటి వీరుని కంటబడెను. కాని ఆ లెన్సును ఈ గజరాజును కలిపి కొనుట అతని జేబుకు మించిన పని. ఒకదానిని విడువవలె. గజరాజును విడిచినచో మూలనున్న నిరుటి చిన్న కెమెరాయే గతి. కీర్తికాంక్ష ఒకవైపు, వదిన ఒకవైపు లాగుచుండ, బురదకాలితో వీరుడు నిశ్చలుడై నిలిచెను. ఎట్టకేలకు గజరాజును బల్లపై దించి, ఒకసారి నిమిరి, చేయి వెనుకకు తీసికొనెను.

"ఆ చిన్నదివ్వు. పైనున్న లెన్స్ కూడా."

"ఆ పాత మోడలా? పెళ్ళివాళ్ళు చూసి నవ్వుతారన్నయ్యా!"

"నవ్వనీ. నవ్వితేనే ఫొటో బాగుంటుంది. అందరూ పట్టాలి నాకు. ఈ పాత లెన్స్‌తో పసివాడి మొహం దగ్గరగా తీసుకుంటాలే."

మరల గోడవెంట సేన నిలిచెను. గడప దాటకయే వీరుడు గురిపెట్టెను, మీట నొక్కెను. ఫెలిసితాస్ వడివడిగా వచ్చి, కళ్లజోడు పెట్టుకొని, వెనుకనున్న బుల్లి తెరలోనికి తొంగిచూచెను.

"నా మోచెయ్యి కూడా పడిందే!"

"పడింది వదినా."

"కానీ... కాస్త లావుగా ఉన్నానేంటి?"

"అంచున నిలబడ్డవాళ్ళు ఈ లెన్స్‌లో కొంచెం సాగు..." అని డెమెట్రియో నోరు తెరవగా, బురదకాలు మెరుపువేగమున అతని పాదముపై పడెను.

"వెలుతురు, వదినా," అనెను క్రిస్పులో. "వెలుతురు అటునుంచి ఎక్కువగా పడింది."

"నేనూ అదే అనుకున్నా," అనెను ఫెలిసితాస్. "రేపు కూడా నన్ను అక్కడే నిలబెట్టు."

వినుడు, టోండో పేట వాసులారా! వినుడు, జీప్నీ సారథులారా! హిడాల్గో వీథిలో, కుండపోత వానకు ముందు, అకుంఠిత పరాక్రముడగు క్రిస్పులో చేతిలో, ఫెలిసితాస్ మహాదేవి మోచేయి, సంపూర్ణముగా, చర్మపు ముడుతతో సహా, చట్రములోనికి వచ్చెను!