చెడిపోని లిఫ్టు

పిల్లలకు ఆరోగ్యపాఠం చెప్పదలచుకున్న తండ్రి, ముందు తన ఆరోగ్యం సంగతి ఇంట్లో పొక్కకుండా చూసుకోవాలి. నేను చూసుకున్నాననే అనుకున్నాను.

ఒకే వారంలో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది పిల్లల స్కూలు నుంచి. పదో తరగతి చదివే మా అమ్మాయీ, ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయీ మైదానం చుట్టూ ఒక్క రౌండు కూడా పూర్తిగా పరిగెత్తలేకపోయారట. ఈ వయసు పిల్లలకు రోజుకో గంటైనా ఒళ్ళు అలిసే పని ఉండాలని ఆటల మాస్టారు రాశాడు.

రెండోది మా కంపెనీ డాక్టరు నుంచి. నేను లిఫ్టు మెకానిక్‌ని. బిళ్ళలు వేసుకుని, రోజూ నడిచి, ఆరు వారాల్లో రక్తపోటు దించుకోకపోతే నన్ను పైకెక్కే పనులు మాన్పించి ఆఫీసులో ఫోనెత్తే కుర్చీలో కూర్చోబెడతారని దాని సారాంశం.

మొదటి కాగితం భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించాను. రెండోది పాత యూనిఫారం జేబులో దాచాను. బిళ్ళలు పనిముట్ల సంచిలో వేశాను. ఆ కుర్చీ అంటే నాకు నిజంగా భయం. పాతికేళ్ళుగా చప్పుడు విని మోటారు జబ్బు చెప్పినవాణ్ణి, ఇకమీదట రోజంతా "కాసేపు లైన్లో ఉండండి" అంటూ బతకడం నావల్ల కాదు.

"వీళ్ళ వయసులో నేను ఎలా ఉండేవాణ్ణో తెలుసా?" అన్నాను, కాగితం మడుస్తూ.

"తెలుసు. గోడలు దూకేవారు. ఎందుకు దూకేవారో కూడా అత్తయ్యగారు చెప్పారు," అంది మా ఆవిడ.

మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. పొద్దున్నంతా అక్కడ జనం చేత నోరు తెరిపిస్తారు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక ఆవిడ నా చేత మూయిస్తుంది.

పిల్లల సంగతీ చెప్పాలి. అమ్మాయిని ఇంట్లో వకీలమ్మ అంటాం. "లే" అంటే "ఎందుకు" అని, ఎందుకో చెబితే "దానికి రుజువేమిటి" అని అడుగుతుంది. అబ్బాయి సోఫాసురుడు. వాడు ఏమీ అడగడు. సోఫాలో పడుకుని, మన వాదన దానంతటదే అలిసిపోయేదాకా చూస్తాడు.

ఇలాంటివాళ్ళకు చెబితే వినరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను.

మాది ఐదో అంతస్తు. ఆ భవనం లిఫ్టు బాగోగులు చూసేది నేనే. సోమవారం పొద్దున్నే కింద తలుపుకు నా బోర్డు తగిలించాను. "మరమ్మతులో ఉంది. ఎక్కరాదు." లిఫ్టుకు ఏ జబ్బూ లేదు. కరెంటు కూడా కట్టెయ్యలేదు. నా సర్వీసులో నా బోర్డు దాటి బటను నొక్కిన మనిషి లేడు మరి.

"ఏం పోయింది?" అని అడిగింది వకీలమ్మ.

"ఒక పార్టు."

"ఏ పార్టు?"

"తెప్పించాలి."

"ఎక్కడి నుంచి?"

"దూరం నుంచి," అన్నాను. ఇంకో ప్రశ్న వేసేలోగా డ్యూటీకి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం పెందరాళే వచ్చి, పిల్లలూ నేనూ ముగ్గురం కలిసే మెట్లెక్కాం. సోఫాసురుడు రెండో అంతస్తులో కూర్చుండిపోయాడు. నేనూ వాడి పక్కన కూర్చున్నాను, వాడికి తోడుగా. వాడు లేచాక కూడా కాసేపు తోడుగానే ఉండిపోయాను.

ఒక్క విషయంలో నాకు మనసు పీకింది. మూడో అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. ఆయనవి మోకాళ్ళ నొప్పులు. రెండు రోజులు చూసి, మూడో రోజు క్షమాపణ చెప్పుకుందామని తలుపు తట్టాను.

"పర్లేదు నాయనా, నిదానంగానే బాగుచెయ్యి," అన్నారు మాస్టారు.

భవనం సెక్రెటరీ కూడా అదే మాట అన్నాడు. నా సర్వీసులో లిఫ్టు మెకానిక్‌ని తొందరపడవద్దన్న సెక్రెటరీని అప్పుడే చూశాను. ఇంత మంచివాళ్ళ మధ్య బతుకుతూ ఇన్నాళ్ళూ గుర్తించలేదే అని బాధపడ్డాను.

ఇక మా ఆవిడకు ఉన్నట్టుండి మతిమరుపు పట్టుకుంది. నేను ఏడింటికి ఇల్లు చేరి చొక్కా విప్పేలోగా, "ఏమండీ, ఉప్పు నిండుకుంది," అనేది. ఉప్పు తెస్తే అగ్గిపెట్టె. అగ్గిపెట్టె తెస్తే సబ్బు.

"అన్నీ ఒకేసారి చెప్పకూడదూ?"

"బరువవుతుందని. ఒక్కోటీ తెండి, మెల్లిగా."

"పిల్లల్ని పంపొచ్చుగా? వ్యాయామం వాళ్ళకు కదా కావలసింది!"

"వాళ్ళు ఇప్పుడే ఎక్కొచ్చారు, పాపం."

నిజమే, ఇద్దరూ సోఫాలో కాళ్ళు చాపుకుని ఉండేవాళ్ళు. "మెట్లెలా ఉన్నాయర్రా?" అంటే "కాళ్ళు పీకేస్తున్నాయి నాన్నా," అనేవాళ్ళు. నా ఉపాయం పారుతోందని సంతోషించి, గుండెకు శ్రమ ఎంత అవసరమో ఇరవై నిమిషాలు చెప్పి, సబ్బు కోసం కిందికి వెళ్ళేవాణ్ణి.

ఒకసారి గోడ అవతల సన్నగా మోటారు చప్పుడు వినిపించింది.

"లిఫ్టు తిరుగుతున్నట్టు లేదూ?" అన్నాను.

"ఎదురింటి వాషింగ్ మెషీన్ అండీ."

చెవి గోడకు ఆనించి విన్నాను. "బెల్టు వదులైంది. ఈ నెలలో ఆగిపోతుంది, చెప్పు వాళ్ళకి," అన్నాను. మా ఆవిడ చెబుతానంది.

ఆరో వారం కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన పట్టీ చుట్టి ఒకసారి చూశాడు. నమ్మకం కుదరక, రెండో చేతికి చుట్టి మళ్ళీ చూశాడు.

"బాగా దిగిందే! బిళ్ళలు వేసుకున్నావు, సరే. ఇంకేం చేశావు?"

"పిల్లలకు వ్యాయామం అలవాటు చేస్తున్నానండీ."

"వాళ్ళెలా ఉన్నారు?"

"వాళ్ళలో ఇంకా ఫలితం కనబడలేదండీ."

కుర్చీ తప్పింది. ఆ ఆనందంలో మిగతా పూట సెలవు పెట్టి, నాలుగున్నరకే ఇల్లు చేరాను. కింద నా బోర్డు తగిలించే ఉంది. దాని వెనక మోటారు తిరుగుతోంది. పైన అంకెలు ఐదు, నాలుగు, మూడు అని వెలిగి, మూడు దగ్గర చాలాసేపు ఆగి, మళ్ళీ కదిలాయి.

తలుపు తెరుచుకుంది. లోపల మా ఆవిడ, వకీలమ్మ, సోఫాసురుడు, లెక్కల మాస్టారు. మాస్టారు తప్ప మిగతా ముగ్గురి కాళ్ళకూ పరుగు బూట్లు.

"ఎవరూ కదలకండి! లిఫ్టు చెడిపోయింది!" అని అరిచాను.

నలుగురూ నన్ను జాలిగా చూశారు. ఆరు వారాలు రోజూ మెట్లెక్కి నా అబద్ధాన్ని నేనే పూర్తిగా నమ్మేశాను.

"రెండో రోజే బటన్ నొక్కి చూశాను నాన్నా. వచ్చింది," అంది వకీలమ్మ.

"మీ ఆవిడే ఇంటింటికీ వచ్చి చెప్పింది నాయనా," అన్నారు మాస్టారు. "నువ్వు లేనప్పుడు లిఫ్టు ఎక్కమని, ఉన్నప్పుడు కాస్త ఓర్చుకోమని. పిల్లల బూట్లు మా ఇంట్లోనే ఉంటాయి."

అంటే ఆరు వారాలుగా ఆ భవనంలో రోజూ మెట్లెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఇవాళేగా డాక్టరు చూస్తానన్నది? ఏమన్నారు?"

"నీకెలా తెలుసు?"

"మీరు బోర్డు పెట్టిన మర్నాడే, పాత యూనిఫారం ఉతుకుదామని తీశాను."

"అడగొచ్చుగా?"

"అడిగితే ఏం చేసేవారు?"

ఆలోచించాను. "ఇంకో జేబులో దాచేవాణ్ణి."

"అందుకే అడగలేదు. ముందు ఏమన్నారో చెప్పండి."

"దిగింది. పై పనులకే వెళ్ళమన్నారు."

మా ఆవిడ గోడ పట్టుకుని మొదటి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆరు వారాలుగా ఆవిడ ఒక్కతే మోసిన భయం అప్పుడు దిగింది. కళ్ళు తుడుచుకుని, మీ డాక్టరు మంచివాడండీ అంది. నాకు సిగ్గేసింది. పిల్లలు చూస్తున్నారని బోర్డు సరిచేస్తున్నట్టు నటించాను.

"మరి మీ సంగతేమిటి?" అన్నాను పిల్లలతో, కాస్త తేరుకున్నాక. "మొదటి రోజు తప్ప ఒక్క మెట్టూ ఎక్కలేదన్నమాట!"

"రోజూ ఈ టైముకి అమ్మతో కలిసి స్కూలు మైదానంలో పరిగెడుతున్నాం," అన్నాడు సోఫాసురుడు. వాడు అంత పొడుగు వాక్యం మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "ఇప్పుడు నాలుగు రౌండ్లు."

"నాలుగా! నాకెందుకు చెప్పలేదు?"

ఇద్దరూ తల్లి వైపు చూశారు. ఆవిడ చెప్పమన్నట్టు తలూపింది.

"చెబితే నువ్వూ వస్తావు. వస్తే పాఠం చెబుతావు," అంది వకీలమ్మ. "నువ్వు చెప్పకపోతే మేం చేస్తాం నాన్నా. చెబితేనే చెయ్యబుద్ధి కాదు."

దీనికి రుజువేమిటని అడుగుదామనుకున్నాను. రుజువు బూట్లేసుకుని ఎదురుగానే నిలబడి ఉంది.

"నేనూ రానా?" అన్నాను.

వకీలమ్మ చాలాసేపు ఆలోచించింది. "రావచ్చు. ఒకటే షరతు. మాట్లాడకూడదు."

మైదానంలో పావు రౌండు అయ్యేసరికి సోఫాసురుడు చేతులు ఊపే తీరు తప్పని గమనించాను. వాడికి రెండు ముక్కలు చెబుదామని నోరు తెరిచాను. గాలి లోపలికి వెళ్ళింది గానీ మాట బయటికి రాలేదు. అరుద్దామని ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాను. అప్పుడూ రాలేదు.

ఒక రౌండు పూర్తిచేసి నన్ను దాటబోతూ, వకీలమ్మ నా వీపు తట్టింది.

"షరతు బాగా పాటిస్తున్నావు నాన్నా," అని, ఆగకుండా ముందుకు పరిగెత్తింది.