గంగరాజు నగరంలో చదువులు

“మహాజనులారా! రోడ్డు లేని ఊరు ఊరే! దీపం లేని ఊరూ ఊరే! బడి లేని ఊరు మాత్రం ఊరు కాదు, మ్యాపు మీద మరక!”

పోయినేడు రిపబ్లిక్ దినోత్సవం నాడు జెండా కింద నిలబడి ఈ మహావాక్యం పలికినవాడు మా గంగరాజు. రాసినవాణ్ణి నేను. రాసినవాడికి ఎవరూ చప్పట్లు కొట్టరు కనుక, ముందు వరసలో కూర్చుని మొదటి చప్పట్లు నేనే కొట్టాను.

నా పేరు అప్పలనరసింహం. తహశీల్దారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరయి, భావనపాడు వెళ్ళే దారిలో ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి అరుగు మీద స్థిరపడ్డాను. ఊళ్ళో ఏ కాగితం మీద ఏ అక్షరం పడాలన్నా నా చేతి మీదుగానే పడాలి. పింఛను అర్జీ, పోస్టాఫీసు ఫారం, పెళ్ళి శుభలేఖ, పక్కింటివాడి మీద ఫిర్యాదు, అన్నీ నేనే. పక్కింటివాడు తిరిగి పెట్టే ఫిర్యాదు కూడా నేనే! ఫీజు పుచ్చుకోను. ఛీ, ఛీ! అభిమానం కొద్దీ ఒకరు మునక్కాడలు, ఒకరు పీతలు, ఒకరు ఆనపకాయ తెచ్చి అరుగు మీద పెట్టి పోతారు. నేను అడగను, వాళ్ళు మానరు.

గంగరాజుది జీడిపప్పు ఫ్యాక్టరీ. వరసకి ఏమీ కాకపోయినా ఒకరినొకరం బావా అనుకుంటాం. ఆయన ఫ్యాక్టరీలో పప్పు మీద పొట్టు ఒలిచేది మా ఊరి ఆడవాళ్ళే. మా బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఎనిమిది చదవాలంటే టెక్కలి పోవాలి. మగపిల్లలు సైకిలెక్కి పోతారు, ఆడపిల్లలు పొట్టు బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ ఏడాది ఎలాగో ఎనిమిదో తరగతి మంజూరై, గదికి స్థలం చూపించమన్నారు. జెండా కింద ఆవేశంలో గంగరాజు “స్థలం నేనిస్తాను!” అనేశాడు. నేను రాసిన ఉపన్యాసంలో ఆ మాట లేదు.

వేసవి సెలవులకి ఆయన మనవరాలు విశాలి విశాఖపట్నం నుంచి లాప్‌టాప్‌తో దిగింది. అందులో నగరం కట్టే ఆట ఒకటుంది. వచ్చిన మర్నాడే తాతని మేయర్ని చేసేసింది. ఎన్నికల్లేకుండా, ఎవరికీ ఏమీ పంచకుండా మేయర్! గంగరాజు నాకు కబురుపెట్టాడు.

“బావా, బేగి రా! నా ఊరు సూడు!”

చూశాను. రోడ్లు, ఇళ్ళు, పొగలు కక్కే ఫ్యాక్టరీలు. విశాలి ఒక బడి బొమ్మ తెచ్చి వీధిలో పెట్టింది. పెట్టిందో లేదో చుట్టుపక్కల రోడ్లన్నీ పచ్చరంగుకి తిరిగాయి. ఇళ్ళ మీద నవ్వు మొహాలు లేచాయి.

“అదేటి, అప్పుడే అయిపోనాదా? మరి శంకుస్థాపనో?” అన్నాడు గంగరాజు.

“అక్కర్లేదు తాతా.”

“పంతుళ్ళో?”

“వాళ్ళే వచ్చేస్తారు.”

“రోజూనా?”

“రోజూ!”

గంగరాజు నాకేసి తిరిగాడు. “అయితే ఇది మన జిల్లా కాదు బావా.”

నేను ఆఫీసువాణ్ణి, నాకు వివరాలు కావాలి. “ఏ పిల్లలు ఏ బడికి పోతారమ్మా?” అనడిగాను.

“ఎవరింటికి ఏది దగ్గరైతే అందులోకి.”

“మేయర్‌గారి మనవరాలు కూడానా?”

విశాలి తల అడ్డంగా ఊపింది. “మేయర్‌కి మనవరాళ్ళుండరు.”

అదీ సంగతి! ఆ నగరం అంత సజావుగా ఎందుకు నడుస్తోందో అప్పుడర్థమైంది.

ఇక గంగరాజుకి పట్టపగ్గాల్లేవు. సందుకో బడి పెట్టాడు. కాలేజీ పెట్టాడు. నగరమంతా పచ్చగా మెరిసిపోయింది. కొన్నాళ్ళకి ఫ్యాక్టరీల నెత్తిన ఎర్రగుర్తులు లేచాయి.

“ఇయ్యేటమ్మా?”

“పనివాళ్ళు దొరకట్లేదు తాతా. అందరూ చదివేసుకున్నారుగా! చదువుకున్నవాళ్ళు ఆ ఫ్యాక్టరీల్లోకి రారు.”

“రారా?”

“రారు. ఆఫీసులు కట్టు.”

గంగరాజు మొహం మాడిపోయింది. కిటికీలోంచి తన ఫ్యాక్టరీ కేసి చూశాడు, ఆటలోకి చూశాడు, మళ్ళీ కిటికీలోంచి చూశాడు. తర్వాత మౌసు పట్టుకుని, బుల్డోజరు బొమ్మ నొక్కి, కట్టిన బడులన్నీ వరసపెట్టి కూల్చేశాడు. ఫ్యాక్టరీల్లోంచి మళ్ళీ పొగ లేచాక గానీ ఆయనకి ఊపిరాడలేదు.

మర్నాడు ఊళ్ళో ప్రకటించాడు: బడికిస్తానన్న స్థలంలో నైరుతి పెరిగిందట! పసిపిల్లల్ని అలాంటి చోట కూర్చోబెట్టడానికి ఆయనకి మనసొప్పడం లేదట!

ఆ సాయంత్రం తాయారు మా అరుగు దగ్గరికొచ్చింది. గంగరాజు ఫ్యాక్టరీలోనే పొట్టు ఒలుస్తుంది. పక్కన కూతురు అమ్మడు, ఏడో తరగతిలో బడికల్లా మొదటగా పాసైన పిల్ల.

“బాబూ, ఎనిమిదో తరగతి వస్తాదా, రాదా? ఒక్క ముక్క సెప్పండి. రాదంటే సోమవారం నుంచి ఈ గుంటని పొట్టు బల్ల కాడ కూకోబెట్టీస్తాను. ఒక్కర్తినీ టెక్కలి పంపలేను గదా!”

అమ్మడు తలెత్తింది. నాకేసి చూసిందంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. “వస్తుంది! నేనున్నాను!” అని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

మాటైతే ఇచ్చాను గానీ గంగరాజు మనసు మార్చడం నా వల్ల అయ్యే పనా? మళ్ళీ విశాలినే ఆశ్రయించాను. “ఈ ఆటలో స్థలాల ధరలు కూడా కనిపిస్తాయా అమ్మా?” అన్నాను. కనిపిస్తాయంది. బడి పెట్టిన చోట ధర నిచ్చెనేసుకుని పైకెక్కుతోంది! గంగరాజుకి ఊరి చివర నౌపడ రోడ్డులో ఒక లేఅవుటుంది. రాళ్ళు పాతి ఏళ్ళయింది. మేకలు తప్ప అందులో ఎవరూ అడుగుపెట్టలేదు.

“బావా, ఇలా రా. భోగాపురంలో విమానం ఇంకా రానేలేదు, స్థలాల రేట్లు ఆకాశంలో ఉన్నాయి. నీ లేఅవుటు నడిబొడ్డున బడి పడిందనుకో...”

“పనోళ్ళు ఎల్లిపోతారు బావా!”

“పొట్టులో వచ్చేదెంత, ప్లాట్లలో వచ్చేదెంత? నువ్వే చూసుకో.”

గంగరాజు కళ్ళు మూసుకుని చాలాసేపు పెదాలు కదిపాడు. మర్నాటికల్లా బడి స్థలం లేఅవుటులోకి మారింది. అక్కడ నైరుతి బంగారంలా ఉందట.

జూలైకి రేకుల షెడ్డు లేచింది. శిలాఫలకం షెడ్డు కంటే ఎత్తు. పైన “విద్యాప్రదాత గంగరాజు”, కింద “విద్యాబంధు అప్పలనరసింహం”. రెండు బిరుదులూ నేను రాసినవే. అమ్మడు ముందు బల్లలో కూర్చుంది. తాయారు పీతలు తెచ్చి మా అరుగు మీద పెట్టి ఏడ్చింది. “మీ రునం ఏనాటికీ తీరదు బాబూ!” అంది. నాకూ కళ్ళు చెమర్చాయి, నిజంగానే. సభలో మైకు పట్టుకుని “ఇక ఈ ఊళ్ళో ఎవరి కాగితం వారే రాసుకోవాలి!” అని గర్జించాను కూడా. మైకు దొరికితే మనిషి ఏదో ఒకటి అంటాడు కదా!

దసరా దాటేసరికి మా అరుగు ఖాళీ అయింది.

“ఏమండీ, ఇవాళ కూరకి ఏమీ రాలేదు,” అంది మా ఆవిడ జ్ఞానాంబ.

“ఎవరూ రాలేదా?”

“రాలేదు. సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళండి.”

నేను! బజారుకి! సంచీతో! వెళ్ళాను. దారిలో పోస్టాఫీసు మెట్ల మీద కనిపించింది దృశ్యం. అమ్మడూ, దాని తరగతి పిల్లలూ వరసగా కూర్చుని ఊరందరి ఫారాలూ నింపుతున్నారు. నాకు వారం వారం పీతలు తెచ్చే గంగులు అమ్మడి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“నీ పేరులో ఇంకో అచ్చరమే ఉన్నాది మావా. దిద్దీ!” అంటోంది అమ్మడు. సంతకం నేర్పుతోంది! అదీ ఉచితంగా! ఒక్క మునక్కాడైనా పుచ్చుకోవడం లేదు! వృత్తిధర్మం అనేది ఒకటుంటుందా, ఉండదా? గంగరాజు ఫ్యాక్టరీల నెత్తిన లేచిన ఎర్రగుర్తు ఇప్పుడు మా అరుగు మీద లేచినట్టనిపించింది. ఆ రోజు వంకాయలు కొన్నాను. పుచ్చులు.

ఏప్రిల్లో ఒకనాడు తాయారూ అమ్మడూ మా ఇంటికొచ్చారు.

“బాబూ, తొమ్మిదో తరగతి కోసం అర్జీ ఎట్టాల...”

హమ్మయ్య! దారికొచ్చారు! కాలు మీద కాలేసుకుని సర్దుకు కూర్చున్నాను. “అర్జీ అంటే ఆషామాషీ కాదు తాయారూ. పూర్వాపరాలు చూడాలి, జీవోలు తిరగెయ్యాలి. నెల పట్టొచ్చు, రెండు పట్టొచ్చు.”

“రాయక్కర్లేదు బాబూ. మా గుంట రాసీసినాది. పెద్దోరు కదా, సంతకం ఎట్టండి సాలు.”

కాగితం అందుకున్నాను. “మా ఊళ్ళో ఎనిమిదో తరగతి చదివిన ఆడపిల్లలం ఉన్నాం. తొమ్మిదో తరగతి లేదు. జూన్‌లో కావాలి.” అంతే! తమ దివ్యసముఖమునకు లేదు, చిత్తగించవలెను లేదు. నేను రాస్తే మూడు పేజీలయ్యేది. తప్పు కోసం వెతికాను. తిరగేసి వెతికాను. ఒక్క దీర్ఘం తేడా లేదు. నాకు భయమేసింది.

“అమ్మడూ,” అన్నాను ప్రేమగా, “ఆడపిల్లకి ఎనిమిదో తరగతి తక్కువేటి? ఎందుకొచ్చిన అవస్థ! గంగరాజుతో నేను చెబుతాను. ఫ్యాను కింద, నీడపట్టున, పొట్టు బల్ల దగ్గర మంచి చోటిప్పిస్తాను. అయినా ఆయన సంతకం లేనిదే ఇది కదలదు. ఆయనా, చచ్చినా పెట్టడు!”

తాయారు కాగితం వెనక్కి తిప్పి చూపించింది. “గంగరాజు బాబు నిన్ననే ఎట్టీసినారు బాబూ. తొమ్మిదొస్తే ప్లాట్ల రేటు ఇంకా లెగుస్తాదట. ఊరంతా ఎట్టీసినారు. తమరొక్కరే మిగిలినారు.”

నేను నెమ్మదిగా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. “ఈ మధ్య చూపు ఆనడం లేదమ్మా. అక్షరం కనపడందే సంతకం ఎలా పెడతాను? మళ్ళీ రండి.”

అమ్మడు సంచీలోంచి సిరా డబ్బీ తీసి మూత తెరిచింది.

“పర్లేదు తాతగారూ. ఏలిముద్దర ఎయ్యండి. నాను సెయ్యి పట్టుకుంటాను.”